ఇల్లందు: ఫస్టియర్ మార్కులు తగ్గితే దారులన్నీ మూసుకుపోయినట్టేనా? 470 వెనక అసలు లెక్క ఇదీ!

ఇల్లందు (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా): ఇంటర్ ఫలితాల రోజు ఈ ఊళ్లో సీన్ ఏటా దాదాపు ఒకేలా ఉంటుంది. మధ్యాహ్నం ఫోన్లలో ఓపెన్ కాని వెబ్‌సైట్. సాయంత్రానికి జగదాంబ సెంటర్‌లో కాలేజీల ఫ్లెక్సీలు. ఆ ఫ్లెక్సీల మీద 470కి 465, 466, 467 తెచ్చుకున్న ఫొటోలే. 470కి 210 వచ్చిన పిల్లాడి ఫొటో ఎవరూ వేయరు. వాడు ఆ సెంటర్ వైపు రావడం కూడా మానేస్తాడు.

కానీ ఊళ్లో ఎక్కువ మంది ఆ పిల్లాడి లాంటివాళ్లే. 2025 ఏప్రిల్ 22న వచ్చిన తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఫస్టియర్ పాస్ 66.89 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు ఏదో ఒక పేపర్‌లో ఆగిపోయారు. 2024లో ఇంకా తక్కువ, 60.01 శాతమే. పాసైనా అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాళ్లు ఈ లెక్కలో కనిపించరు. ఇంట్లో అసలు గొడవ మొదలయ్యేది వాళ్ల దగ్గరే. "పాసయ్యాడు కదా" అని అమ్మ, "ఈ మార్కులకి ఎవడిస్తాడు సీటు?" అని నాన్న.

నాన్న ప్రశ్నకు జవాబు ఉంది. ఆ జవాబు చాలా ఇళ్లకు టైమ్‌కి చేరడం లేదు.

ఫస్టియర్‌లోనే ఎందుకు పడిపోతారు?

పదో తరగతిలో ఫిజికల్ సైన్స్ అని ఒకటే సబ్జెక్టు. ఇంటర్‌కి వచ్చేసరికి అది ఫిజిక్స్, కెమిస్ట్రీ అని రెండు. లెక్కలు వన్-ఏ, వన్-బీ అని రెండు పేపర్లు. టెన్త్‌లో 20 మార్కులు స్కూల్లోనే ఇంటర్నల్స్ కింద పడేవి. ఇక్కడ ఇంగ్లిష్ ప్రాక్టికల్స్‌కి ఉన్న 20 మార్కులు తప్పిస్తే ఎంపీసీ ఫస్టియర్‌లో అంతా రాత పరీక్షే. పైగా 2024 వరకూ టెన్త్‌లో ఇచ్చింది గ్రేడ్లు, జీపీఏలు. 2025 నుంచే మళ్లీ మార్కులు చూపిస్తున్నారు. పిల్లాడికి లెక్కల్లో నిజంగా ఎంత వచ్చో, ఎంత రాదో ఆ గ్రేడ్లలో తెలిసేది కాదు. ఇంటర్ క్లాసులో తెలిసేది. అప్పటికే దసరా సెలవులు వచ్చేసేవి.

ఇల్లందు చుట్టుపక్కల దీనికి ఇంకో మెలిక ఉంది. గుండాల, ఆళ్లపల్లి, టేకులపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంటి భాష కోయ, లేదా లంబాడీ. స్కూల్లో తెలుగు. ఇంటర్‌లో చేరగానే ఇంగ్లిష్ మీడియం. మొదటి ఆరు నెలలు సబ్జెక్టు కన్నా ముందు భాషతోనే సరిపోతుంది. బోర్డు పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు. కానీ తెలుగు మీడియం సెక్షన్లు తగ్గిపోతుంటే, రాయొచ్చు అన్న హక్కు ఉన్నా చదువుకోవడానికి క్లాసు ఎక్కడ అన్నదే సమస్య.

సెకండ్ లాంగ్వేజ్ సంగతీ అంతే. ఫ్లెక్సీల మీద కనిపించే టోటల్స్‌లో సంస్కృతం వాటా ఎంతో అందరికీ తెలిసిందే. 100కి 98, 99 వచ్చే పేపర్ అది. ప్రభుత్వ కాలేజీలో తెలుగు తీసుకున్న పిల్లాడికి 99 రావాలంటే చుక్కలు కనిపిస్తాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ సంస్కృతం పెట్టాలన్న ఆలోచన 2025 ఏప్రిల్‌లో బయటకు రాగానే తెలుగు అధ్యాపకులు, భాషాభిమానులు మండిపడ్డారు. తెలుగు మీద వాళ్ల బాధ న్యాయమే. కాకపోతే ఇద్దరు పిల్లల టోటల్స్ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ పదిహేను, ఇరవై మార్కుల తేడా చదువులోది కాదన్న సంగతి కూడా గుర్తుండాలి.

అలాగని ఏజెన్సీ అంటేనే తక్కువ మార్కులు అనుకుంటే పొరపాటు. 2024 సెకండియర్ ఫలితాల్లో రాష్ట్రంలోనే ఫస్ట్ వచ్చింది ములుగు జిల్లా. 82.95 శాతం. అడవి ఇల్లందులో ఎంతో అక్కడా అంతే.

ఇంతకీ ఫస్టియర్ మార్కులు ఎక్కడ చూస్తారు?

ముందు ఎక్కడ చూడరో చెప్పుకోవాలి. తెలంగాణ ఎప్‌సెట్‌లో ఇప్పుడు ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు. ఒకప్పుడు ర్యాంకులో 25 శాతం ఇంటర్‌దే. కరోనా టైమ్‌లో ఆపారు, 2023లో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. అందులో వచ్చిందే ర్యాంకు. ఊళ్లో ఇప్పటికీ "ఇంటర్ మార్కులు కలుపుతారంట" అని చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్లు చెప్పేది పాత రూల్, లేదంటే ఆంధ్రా రూల్. పక్క రాష్ట్రం ఈఏపీసెట్‌లో ఆ 25 శాతం ఉంది.

నీట్‌ కూడా అంతే. ర్యాంకు మొత్తం నీట్ స్కోర్‌తోనే. 2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలయ్యాక ఇల్లందు బైపీసీ పిల్లలకు ఎంబీబీఎస్ అనేది గంట ప్రయాణం దూరంలోకి వచ్చింది. ఆ సీటుకి ఫస్టియర్ బోటనీలో ఎంత వచ్చిందో ఎవరూ అడగరు.

మరి ఎక్కడ అడుగుతారు? అర్హత దగ్గర. ఇక్కడే చాలామంది బోల్తా పడేది.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఇంజినీరింగ్ సీటు కావాలంటే గ్రూపు సబ్జెక్టులు మూడింటిలో కలిపి ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం రావాలి. నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40. వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట జేఈఈ మెయిన్ ర్యాంకుతో సీటు వచ్చినా ప్లస్ టూలో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ర్యాంకు తెచ్చుకుని ఈ గడప దగ్గర ఆగిపోవడం కన్నా పెద్ద బాధ ఉండదు.

ఇక ఫస్టియర్ మార్కులు నేరుగా పనిచేసే చోటు డిగ్రీ. దోస్త్‌లో సీటు ఇచ్చేది ఇంటర్ మార్కుల మెరిట్‌తోనే. ఎంట్రన్స్ లేదు. ఇల్లందు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరాలనుకునేవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. ఖమ్మం ఎస్ఆర్ అండ్ బీజీఎన్ఆర్ కాలేజీ, హైదరాబాద్ నిజాం కాలేజీ, కోఠిలోని చాకలి ఐలమ్మ మహిళా యూనివర్సిటీ లాంటివి కావాలంటే మాత్రం ప్రతి మార్కూ లెక్కే. తమాషా ఏంటంటే, ఇంజినీరింగ్‌కి వెళ్లేవాడి ఇంట్లో ఇంటర్ మార్కుల మీద రచ్చ ఎక్కువ, అక్కడ వాటితో పని తక్కువ. డిగ్రీకి వెళ్లేవాడి ఇంట్లో "డిగ్రీయే కదా" అని వదిలేస్తారు. నిజంగా మార్కులు కావాల్సింది వాడికే.

35 మార్కుల పాస్ సరిపోతుందా? కాగితం మీద చూస్తే..

2025 బ్యాచ్‌ ఎంపీసీ లెక్కే తీసుకుంటే, ఫస్టియర్ 470, సెకండియర్ ప్రాక్టికల్స్‌తో కలిపి 530, మొత్తం 1000. ఫస్టియర్‌లో అన్నీ బొటాబొటీ పాస్ మార్కులే వచ్చాయనుకుంటే ఇంగ్లిష్ 35, సెకండ్ లాంగ్వేజ్ 35, రెండు లెక్కల పేపర్లు 26 చొప్పున, ఫిజిక్స్, కెమిస్ట్రీ 21 చొప్పున. మొత్తం 164.

ఇందులో గ్రూపు సబ్జెక్టులవి 270కి 94. రెండేళ్లకు కలిపి గ్రూపు మార్కులు 600. దానిలో 40 శాతం అంటే 240. అంటే ఈ పిల్లాడు సెకండియర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రాక్టికల్స్ కలిపి 330కి కనీసం 146 తెచ్చుకుంటే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కి అర్హుడే. ఓసీ అయితే 270 కావాలి కాబట్టి 176 తెచ్చుకోవాలి. 176 అంటే సగం కన్నా కాస్త ఎక్కువ. అందులో 60 ప్రాక్టికల్స్‌వే. అసాధ్యమైన పనేమీ కాదు.

సెకండియర్‌లో కూడా అన్నీ పాస్ మార్కులే వస్తే మాత్రం కష్టం. మెమోలో "పాస్" అని ఉంటుంది, కౌన్సెలింగ్‌లో పేరు ఉండకపోవచ్చు. ఈ రెండు మాటల మధ్య తేడా కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ఇంకో లెక్క. ఫస్టియర్‌లో 210 వచ్చిన పిల్లాడు సెకండియర్‌లో బాగా కష్టపడి 530కి 430 తెచ్చుకున్నాడనుకుంటే మొత్తం 640, బీ గ్రేడ్. అదే పిల్లాడు మే నెలలో రెండు లెక్కల పేపర్లు, ఫిజిక్స్ మళ్లీ రాసి వన్-ఏలో 30ని 55, వన్-బీలో 28ని 52, ఫిజిక్స్‌లో 22ని 40 చేసుకుంటే 67 మార్కులు పెరిగి 707 అవుతుంది. గ్రేడ్ మారదు, బీనే. కానీ దోస్త్ మెరిట్ లిస్టులో 640కి, 707కి మధ్య ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇలా పాసైన పేపర్లను మళ్లీ రాయడమే ఇంప్రూవ్‌మెంట్. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అంటే ఫెయిలైనవాళ్లకే అని చాలామంది అనుకుంటారు. కాదు. ఫస్టియర్ పాసైనవాళ్లు కూడా రాయొచ్చు. రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ మార్కులే ఉంటాయి. తగ్గితే పాతవే ఉంచుతారు, అంటే పోయేదేమీ లేదు. ఇక ఫస్టియర్‌లో ఏదైనా పేపర్ పోయినా తెలంగాణలో సెకండియర్ ఆగదు. చదువుతూనే ఆ బ్యాక్‌లాగ్ రాసుకోవచ్చు. "ఫెయిలయ్యాడు, ఏడాది పోయింది" అన్న మాట అందుకే తప్పు. ఆ మాట వల్ల చదువు మానేసిన పిల్లలున్నారు.

పరీక్ష ఉంది.. పాఠమే లేదు

ఇక్కడిదాకా వింటే అంతా బాగానే ఉంది. చిక్కంతా క్యాలెండర్‌తోనే.

2025లో ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. సప్లిమెంటరీ ఫీజుకి గడువు ఏప్రిల్ 30. పరీక్షలు మే 22 నుంచి. అంటే నిర్ణయం తీసుకోవడానికి ఎనిమిది రోజులు, చదవడానికి మూడు వారాలు. ఆ మూడు వారాలూ జూనియర్ కాలేజీలకు వేసవి సెలవులు. హాస్టల్ మూత. గెస్ట్ లెక్చరర్లకు కాంట్రాక్ట్ ముగిసి ఉంటుంది. ఫెయిలైనవాళ్లకు ప్రత్యేక క్లాసులు పెట్టమని బోర్డు చెప్పిన సందర్భాలున్నాయి. పాసై మార్కులు పెంచుకోవాలనుకునేవాడి గురించి పట్టించుకునే ఏర్పాటు కనిపించదు. ప్రైవేట్ కాలేజీ పిల్లాడికి అదే నెలలో ఏసీ గదిలో క్లాసు ఉంటుంది.

ఈ ఏజెన్సీలో ఏప్రిల్, మే అంటే ఇంకోటి కూడా. తునికాకు సీజన్. తెల్లవారుజామునే ఇంటిల్లిపాదీ అడవికి వెళ్లి, ఆకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఆ డబ్బుతోనే జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, వానాకాలం విత్తనాలు. పదహారేళ్ల పిల్లాడి రెండు చేతులు ఆ మూడు వారాల్లో ఇంటికి చాలా అవసరం. సెకండియర్ పరీక్షలు నడిచే మార్చిలో ఇప్పపువ్వు. పరీక్షల టైమ్‌టేబుల్‌కీ అడవి టైమ్‌టేబుల్‌కీ ఎప్పుడూ పడదు.

కాబట్టి ఇంప్రూవ్‌మెంట్ అనే అవకాశం కాగితం మీద అందరికీ ఒకటే. దాన్ని వాడుకోగలిగేది మాత్రం మేలో ఖాళీగా ఉండగలిగిన ఇంటి పిల్లాడే. ఒక్క నెల, ఇల్లందు, టేకులపల్లి, గుండాల పరిధిలో ఒకటి రెండు హాస్టళ్లు తెరిచి, లెక్కలకి, ఫిజిక్స్‌కి ఇద్దరేసి లెక్చరర్లను కూర్చోబెట్టడం ఐటీడీఏకి కొండంత ఖర్చేమీ కాదు. ఫలితాల తర్వాత సమీక్షలు, షోకాజ్ నోటీసులు ఏటా వార్తల్లో ఉంటాయి. మే నెల క్లాసు గురించి వార్త అరుదు.

2021లో ఏం జరిగిందంటే..

ఫస్టియర్ మార్కులు ఒక బ్యాచ్ జాతకాన్నే మార్చిన సందర్భం దగ్గర్లోనే ఉంది. కరోనాతో 2021లో సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి. మరి మార్కులెలా? ఫస్టియర్‌లో ఎంతొస్తే సెకండియర్‌లోనూ అంతే వేశారు. జూన్ 28న వచ్చిన ఆ ఫలితాల్లో 4.51 లక్షల మందీ పాస్. ఫస్టియర్‌లో ఏదైనా సబ్జెక్టు పోయినవాళ్లకు 35 వేశారు. అంతా హ్యాపీ అనిపించినా, "ఫస్టియర్ పోతే పోయింది, సెకండియర్‌లో చూపిస్తా" అనుకుని ఏడాదంతా చదివినవాళ్లకు ఆ ఏడాది మెమోలోకే రాలేదు.

ఆ వెనక బ్యాచ్‌ది ఇంకో కథ. 2020-21లో ఫస్టియర్ చదివినవాళ్లకు క్లాసులు టీవీలో, టీ-శాట్‌లో, ఫోన్లలో నడిచాయి. ఇల్లందు టౌన్‌లో సిగ్నల్ ఉంది కాబట్టి ఏదోలా నెట్టుకొచ్చారు. గుండాల అడవి వైపు ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కాల్సిందే. పరీక్ష లేకుండా సెకండియర్‌కి పంపి, తర్వాత అక్టోబర్ 25 నుంచి ఫస్టియర్ పరీక్షలు పెట్టారు. డిసెంబర్ 16న ఫలితాలొచ్చాయి. 4.59 లక్షల మంది రాస్తే పాసైంది 2,24,012 మంది. 49 శాతం. సగానికి పైగా ఫెయిల్. పిల్లల ప్రాణాలు పోయాయి, ఇంటర్ బోర్డు ముందు ధర్నాలు జరిగాయి. వారం తిరగ్గానే, డిసెంబర్ 24న, అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి ఫెయిలైనవాళ్లందరినీ 35 మార్కులతో పాస్ చేస్తున్నట్టు ప్రకటించారు. ఇష్టమైతే ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చన్నారు.

ఆ నిర్ణయం ఆ రోజుకి అవసరమే. కానీ 35తో మార్కులే వచ్చాయి, పాఠాలు రాలేదు. ఎప్‌సెట్‌లో ఫస్టియర్ సిలబస్, సెకండియర్ సిలబస్ రెండూ ఉంటాయి. నీట్‌లో అయినా, జేఈఈలో అయినా అంతే. మెమోలో ఫస్టియర్ మార్కులు ఎవరూ చూడకపోయినా, ఆ ఎంట్రన్స్ పేపర్‌లో వెక్టార్లు, స్టేట్స్ ఆఫ్ మ్యాటర్, త్రికోణమితి మళ్లీ ఎదురుగా వచ్చి కూర్చుంటాయి. ఫస్టియర్‌ని సరిదిద్దుకోవడం అంటే నిజానికి ఇదే పని. ఇంప్రూవ్‌మెంట్ రాసినవాడికి ఎప్‌సెట్‌కి ముందే ఒక రివిజన్ అయిపోయినట్టు. మార్కులు అయిదే పెరిగినా ఆ చదువు వృథా పోదు.

మార్కులు తక్కువొచ్చాయని వెంటనే కుంగిపోకుండా జవాబుపత్రం సంగతి కూడా చూసుకోవాలి. రీకౌంటింగ్‌కి పేపర్‌కి 100 రూపాయలు, స్కాన్ కాపీతో రీవెరిఫికేషన్‌కి 600 రూపాయలు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఫలితాల గందరగోళం ఎవరూ మర్చిపోలేదు. తెలుగులో సున్నా వచ్చిన ఓ విద్యార్థినికి అసలు వచ్చింది 99 అని తర్వాత తేలింది. ఫెయిలైన 3.8 లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు మళ్లీ చూస్తే 1,137 మంది పాసయ్యారు. ఆలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 600 ఇవ్వలేక చూపించుకోనివాళ్ల పేపర్లలో ఏముందో ఎవరికీ తెలీదు.

బొగ్గుట్టలో పాత భరోసా ఇప్పుడు లేదు

ఇల్లందులో చదువు మీద ఈ కంగారు కొత్తగా వచ్చిందే. జియోలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ 1871లో బొగ్గు కనిపెట్టింది ఈ ప్రాంతంలోనే. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది ఈ గనుల మీదే. ఊరి పాత పేరు కూడా బొగ్గుట్టే. వందేళ్ల పాటు ఇక్కడ పిల్లాడి మెమోలో ఎన్ని మార్కులున్నాయన్నది పెద్ద విషయం కాదు. గనిలో దిగే ఒంట్లో సత్తువ ఉంటే చాలు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. ఇల్లందు భూగర్భ గనులు మూతపడ్డాయి, మిగిలింది ఓపెన్‌కాస్టులే. అక్కడ డంపర్లు, షావెల్స్ పని చేస్తాయి. తండ్రి ఉద్యోగం వారసత్వంగా వస్తుందన్న ఆశ జేకే కాలనీ లాంటి చోట కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. మిగతా ఇళ్లకు ఆ తలుపు లేదు. కంపెనీ బయటి నుంచి తీసుకునే పోస్టులకు ఇప్పుడు డిప్లొమా, డిగ్రీ, రాత పరీక్ష. కొత్తగూడెంలో గనుల ఇంజినీర్లను తయారు చేసిన కాలేజీ 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయ్యింది. బొగ్గుతో బతికిన ఊరి పిల్లలు మళ్లీ భూమిలోకి వెళ్లాలంటే ఇప్పుడు చదువు మీదుగానే వెళ్లాలి.

ఏళ్ల తర్వాత తిరిగొచ్చే మెమో

ఇంటర్ మార్కులు అయిపోయాయి అనుకున్నాక మళ్లీ అడిగే చోట్లు కొన్ని ఉన్నాయి. సెకండరీ గ్రేడ్ టీచర్ కావాలంటే డీఈడీతో పాటు ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 45 శాతం ఉండాలి. ఫస్టియర్‌లో 164తో గట్టెక్కిన గిరిజన పిల్లాడు ఆ 450 అందుకోవాలంటే సెకండియర్‌లో 286 తెచ్చుకోవాలి. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి పోటీ పెరిగింది. అర్హత దగ్గరే జారిపోతే ఆ పోటీలో నిలబడే ఛాన్సే ఉండదు. అయిదేళ్ల లా కోర్సుకి లాసెట్‌లోనూ ఇంటర్‌లో 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 అడుగుతారు. ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్‌కి మొత్తం మీద 50 శాతం ఉండి, ఇంగ్లిష్‌లో విడిగా 50 శాతం కావాలి. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు తీసే కుర్రాళ్లలో ఎంతమందికి ఈ ఇంగ్లిష్ సంగతి తెలుసో డౌటే. ఫస్టియర్ ఇంగ్లిష్‌లో 35 వచ్చినవాడికి ఇంప్రూవ్‌మెంట్ ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

విదేశాల్లో ఈ వ్యవహారం వేరేలా ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు తొమ్మిదో తరగతి నుంచే గ్రేడ్లు కాలేజీ అప్లికేషన్‌లోకి వెళ్తాయి. అక్కడ సప్లిమెంటరీ లాంటి స్టేట్ పరీక్ష ఉండదు. కాకపోతే ఏటేటా గ్రేడ్లు పెరుగుతూ వచ్చాయా అన్నది కాలేజీలు చూస్తాయి. అదీ కుదరకపోతే రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి పెద్ద యూనివర్సిటీకి మారే దారి ఉంది. ఇక్కడ మెమోలో ఉండేది అంకెలే, పిల్లాడు ఎలా లేచాడో చెప్పే కాలమ్ ఉండదు. కానీ పాత అంకెను కొత్త అంకెతో మార్చుకునే వీలు మనకుంది. అది అక్కడివాళ్లకు అంత సులువుగా లేదు.

ఇల్లందు పిల్లాడికి ఇంకో దారి కూడా ఉంది. డిగ్రీ తర్వాత ఐసెట్‌తో ఎంబీఏ, ఎంసీఏ, ఎడ్‌సెట్‌తో బీఈడీ. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకు సీయూఈటీ ఉంది. ఆ స్కోరే చూస్తారు. 2023 డిసెంబర్‌లో పార్లమెంట్ చట్టం చేశాక ములుగులో సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీ కూడా వచ్చింది. చదువు మధ్యలోనే మానేసినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఇంటర్ ఉండనే ఉంది.

ఇంట్లోవాళ్లు చూడాల్సింది

ఫలితాలొచ్చిన రాత్రి మార్కుల గురించి మాట్లాడకపోయినా నష్టం లేదు. పిల్లలు తిన్నారా, పడుకున్నారా, ఒంటరిగా ఉన్నారా అన్నది ముఖ్యం. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. తల్లిదండ్రులూ చేయొచ్చు.

రెండో రోజు కాలేజీ ఆఫీసుకి వెళ్లాలి. సప్లిమెంటరీ, ఇంప్రూవ్‌మెంట్ ఫీజు కట్టించుకునేది అక్కడే. సెలవులైనా ఆ వారం రోజులు ఆఫీసు తెరిచే ఉంటుంది. తునికాకు కల్లం మొదలవ్వకముందే, ఏ రెండు మూడు పేపర్లు రాయాలో లెక్చరర్‌ని అడిగి తేల్చుకుంటే మంచిది. అన్ని పేపర్లకీ కట్టి ఏదీ చదవలేకపోవడం కన్నా అది నయం.